చర్చలు చెడితే ఏది నయం: షట్‌డౌనా, సీక్వెస్టరా?

అమెరికాలో బడ్జెట్ గొడవ మొదలైన ప్రతిసారీ నన్నడిగే ప్రశ్న ఒకటే. తప్పెవరిది, రిపబ్లికన్లదా డెమోక్రాట్లదా? 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడినప్పుడైతే రోజుకొకరు అడిగారు. హెచ్1బీకి ముందు కార్మిక శాఖ నుంచి కావలసిన ఎల్‌సీఏ అనే అనుమతులు కూడా నెలరోజులు ఆగిపోయాయి కాబట్టి మనవాళ్ల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. నాకు మాత్రం ఆ ప్రశ్న మీద విసుగొచ్చేసింది. ఎవరినడిగినా అవతలి పార్టీ పేరే చెబుతారు, అందులో కొత్తగా తెలిసేదేముంది? చర్చలు ఎలాగూ చెడతాయి, చెడ్డాక ఏ దారి కాస్త నయం అన్నదే నాకు ఆసక్తి.

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి షట్‌డౌన్, అంటే నిధుల మంజూరు ఆగి ప్రభుత్వ ఆఫీసులు మూతపడటం. రెండోది 2011లో తెచ్చిన సీక్వెస్టర్, అంటే ఒప్పందం కుదరకపోతే వాటంతటవే అమల్లోకొచ్చే కోతలు. సీఆర్ అనే తాత్కాలిక బిల్లు కూడా ఉంది గానీ అది ఉత్త వాయిదా, దాన్ని పోటీలోకి తీసుకోను. ప్రభుత్వం చేసే అప్పులకి చట్టం పెట్టిన పరిమితిని పెంచనివ్వం అని బెదిరించడం గురించైతే మాట్లాడటమే అనవసరం, అది ఇల్లు తగలబెట్టి చలి కాచుకోవడం.

ముందు సీక్వెస్టర్ సంగతి. 2011 జులైలో అధ్యక్షుడు ఒబామా (డెమోక్రాట్), ప్రతినిధుల సభ స్పీకర్ బేనర్ (రిపబ్లికన్) కలిసి బడ్జెట్ లోటు తగ్గించే పెద్ద ఒప్పందం ఒకటి కుదుర్చుకోబోయారు. చెడింది పన్నుల దగ్గరే. పదేళ్లలో 80 వేల కోట్ల డాలర్ల అదనపు ఆదాయానికి బేనర్ సిద్ధపడ్డాడు, ఒబామా ఇంకో 40 వేల కోట్లు అడిగాడు, అంతే. చివర్లో మాట మార్చారని బేనర్, ఫోన్ చేస్తే తిరిగి చేయలేదని ఒబామా. ఇద్దరూ టీవీల ముందుకొచ్చి చెప్పింది వింటే, ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకున్నారా అని డౌటొస్తుంది.

ఆ తర్వాత ఆగస్టు 2న చట్టం చేసి, పార్టీకి ఆరుగురు చొప్పున 12 మందితో ఒక సూపర్ కమిటీ వేశారు. పదేళ్లలో లోటుని కనీసం 1.2 లక్షల కోట్ల డాలర్లు తగ్గించే దారి చూడాలి, చూడకపోతే సగం రక్షణ ఖర్చుల్లో, సగం మిగతావాటిలో కోత. ఇద్దరికీ నొప్పి ఉంటే ఇద్దరూ దిగొస్తారని లెక్క. నవంబరు 21న కమిటీ చేతులెత్తేసింది. మధ్యలో ఒకసారి రెండు నెలలు వాయిదా వేసుకుని, 2013 మార్చి 1న కోతలు మొదలయ్యాయి. అసలీ ఆలోచన ఎవరిదన్న తగువు మాత్రం తెగలేదు. 2012 ఎన్నికల డిబేట్‌లో ఒబామా అది కాంగ్రెస్ తెచ్చిందన్నాడు, రిపబ్లికన్లు అది వైట్‌హౌస్‌లో పుట్టిందన్నారు. చట్టానికేమో రెండు పార్టీల వాళ్లూ ఓటేశారు. ఇక నింద ఎవరి మీద వేస్తాం?

నా దృష్టిలో అసలు తేడా ఇక్కడుంది. నొప్పి ఎవరికి తగులుతోంది, ఆ నొప్పికి గొంతు ఉందా లేదా?

2013 ఏప్రిల్‌లో ఆ కోతల వల్ల ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు జీతంలేని సెలవులిచ్చారు. విమానాలు ఆలస్యమయ్యాయి. నెలల తరబడి ఒక్క మాట మీదికి రాని కాంగ్రెస్ వారం తిరక్కుండా బిల్లు పాస్ చేసేసింది, సభ్యులు సెలవులకి సొంతూళ్లు వెళ్లేముందే! అవే కోతలతో పేదపిల్లల కోసం నడిచే హెడ్ స్టార్ట్‌లో సుమారు 57,000 మందికి సీట్లు పోయాయి. వాళ్లకోసం ఆ వారంలో ఏ బిల్లూ రాలేదు.

షట్‌డౌన్‌లో అలా కప్పిపెట్టడం కష్టం. తేదీ ఉంటుంది, తాళం కనిపిస్తుంది, ఒక్కోసారి మనిషి కూడా దొరుకుతాడు. 1995లో అధ్యక్షుడి విమానం ఎయిర్‌ఫోర్స్ వన్‌లో తనని వెనక తలుపు నుంచి దింపారని రిపబ్లికన్ స్పీకర్ గింగ్రిచ్ అలిగి, షట్‌డౌన్‌కి అదీ ఒక కారణమేనని నోరుజారితే, మర్నాడు న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీలో ఆయన్ని ఏడ్చే చంటిపిల్లాడిలా బొమ్మేశారు. 2018 డిసెంబరు 11న ట్రంప్ కెమెరాల ముందే, షట్‌డౌన్ చేస్తే అది నేనే చేస్తా, మిమ్మల్ని నిందించను అని డెమోక్రాట్ నేత షూమర్‌తో అనేశాడు, పక్కన మరో డెమోక్రాట్ నేత పెలోసీ ఉంది. తర్వాత మాట మార్చాడనుకోండి. ఆ షట్‌డౌన్ 35 రోజులు నడిచి, 2019 జనవరి 25న సిబ్బంది చాలక న్యూయార్క్ లాగార్డియాకు వచ్చే విమానాలు కాసేపు ఆపాల్సివచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన తెరుస్తామని ప్రకటించాడు. 2025లోనూ అంతే, నవంబరు 7న 40 ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించడం మొదలెట్టారు, 12న షట్‌డౌన్ ముగిసింది. ఒక్క విమానాల వల్లే అనను గానీ, వాటి పాత్ర లేదంటే నమ్మను.

(అన్నట్టు ఈ మూసెయ్యడం రాజ్యాంగంలో ఉన్నదేం కాదు. 1980కి ముందు నిధుల మంజూరు ఆగినా ఆఫీసులు చాలావరకు నడిచేవి. ఆ ఏడాది అటార్నీ జనరల్ సివిలెట్టి, మంజూరు లేకుండా ఖర్చు పెట్టకూడదన్న చట్టానికి కఠినంగా అర్థం చెప్పడంతో ఇది మొదలైంది.)

షట్‌డౌన్‌కి ఖరీదు లేదనడం లేదు. 2018-19 దాని వల్ల 1,100 కోట్ల డాలర్ల నష్టమని, అందులో 300 కోట్లు ఇక తిరిగిరావని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసే లెక్కేసింది. ఉద్యోగులకు ఆగిన జీతం ఇచ్చేలా 2019లో చట్టం చేశారు, కాంట్రాక్టు మీద ఊడ్చేవాళ్లకి, కాపలా కాసేవాళ్లకి అదీ లేదు. పోనీ నింద పడ్డవాళ్లు ఓడిపోతారా అంటే గ్యారంటీ లేదు. 2013లో ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టాన్ని ఆపాలని 16 రోజులు మూయించి జనం చేత తిట్లు తిన్న రిపబ్లికన్లే మరుసటేడు సెనేట్ గెలిచారు. ఇది నా వాదనకి అడ్డమే, ఒప్పుకుంటాను.

అయినా రెండింట్లో ఒకటి తప్పదంటే షట్‌డౌనే నయమంటాను. అది ఎప్పటికో అప్పటికి ముగుస్తుంది. సీక్వెస్టర్ ముగియలేదు. ముఖ్యంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపుల్లో 2 శాతం కోత, కోవిడ్ అప్పుడు కొన్నాళ్లు ఆపినా, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాని గురించి తప్పెవరిదని నన్నింతవరకు ఒక్కరూ అడగలేదు.