స్లాట్ యాప్‌లో కాయిన్లు కొంటున్నారా? విత్‌డ్రా దగ్గర ఆపేస్తారు, జాగ్రత్త

హనుమకొండ, కాజీపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఓ స్లాట్ గేమ్ (బటన్ నొక్కితే బొమ్మల రీళ్లు తిరిగి, ఒకేలాంటివి వరుసగా పడితే డబ్బొచ్చే ఆట) లింకు తెగ తిరుగుతోంది. ఐదు వందలు పెట్టి కాయిన్లు కొంటే ఇంకో ఐదు వందలు బోనస్ అట. మా బావమరిది కొన్నాడు. మొదట గెలిచిన ఎనిమిది వందలు నిమిషాల్లో ఖాతాలో పడ్డాయి. అదే ఎర. బ్యాలెన్స్ నలభై వేలు దాటాక విత్‌డ్రా కొడితే, ముందు 30 శాతం ట్యాక్స్ కట్టమని మెసేజ్ వచ్చింది. అప్పు చేసి కట్టాడు. తర్వాత వెరిఫికేషన్ ఫీజు అన్నారు. అదీ కట్టాక చాట్‌లో పలికే దిక్కు లేదు.

గెలిచిన డబ్బు మీద టీడీఎస్ ఉంటే ఇచ్చేవాడే కోసుకుని మిగతాది ఇవ్వాలి. మనల్ని విడిగా యూపీఐ చేయమంటే అది పన్ను కాదు, దోపిడీ.

యాప్ నిజాయితీగా నడిచినా లెక్క మాత్రం మన వైపు ఉండదు. ఆర్‌టీపీ, అంటే పెట్టిన డబ్బులో ఆడేవాళ్లకు తిరిగొచ్చే వాటా, 96 శాతం అని గొప్పగా రాస్తారు. అది లక్షల స్పిన్‌ల మీద తేలే సగటు. పది రూపాయల స్పిన్ నిమిషానికి పదిసార్లు, అలా గంటసేపు కొడితే ఆరు వేలు తిప్పినట్టు. అందులో నాలుగు శాతం, అంటే సగటున 240 రూపాయలు వాడికే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి రేటు లేచినా పడినా అడ్తిదారు కమీషన్ ఆగదు కదా, ఇదీ అంతే. పైగా ఈ లింకు యాప్‌లో ఆ 96 నిజమో కాదో చూసేవాడెవడు?

బటన్ నొక్కిన క్షణంలోనే ర్యాండమ్ నంబర్ ఫలితం తేల్చేస్తుంది. రీళ్లు తిరగడం ఉత్త షో. రెండు ఏడులు పడి మూడోది గీత పైన ఆగితే ‘దగ్గరికొచ్చింది’ అనిపిస్తుంది కానీ, తర్వాతి స్పిన్‌కు దాంతో సంబంధమే లేదు. ఇరవై పెట్టి ఎనిమిది వచ్చినా గంటలు మోగించి ‘గెలిచారు’ అంటాడు. పోయిన పన్నెండు సంగతి చెప్పడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచే నిషేధం. 2025లో కేంద్రం కూడా దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. గోవా ట్రిప్‌లో కాసినోకి వెళ్తే అది వేరే సంగతి. పోయినా పర్లేదనుకున్నంత నగదే జేబులో పెట్టుకోండి, కార్డు రూమ్‌లో వదిలేయండి. పోయింది రాబట్టుకుందామని మాత్రం కూర్చోవద్దు.

ఇప్పటికే కట్టినవాళ్లు ఇంకో రూపాయి వేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబర్లు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచండి, యాప్ అప్పుడే తీసేయకండి. కమీషన్ ఇస్తాం, మీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వండి అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. పోలీసు కేసు పడితే ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతానే. ఆడకుండా ఉండలేకపోతున్నా, అప్పుల టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ ఉచితం.