ఏప్రిల్‌లో రెయినియర్: గేటు తెరిచే వేళ, మంచు సడలే వేళ

ఏప్రిల్ మొదటి వారాంతంలో సియాటిల్ నుంచి నలుగురం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న మంచు పర్వతం మౌంట్ రెయినియర్‌కు వెళ్లి, దాని వాలులో 5,400 అడుగుల ఎత్తున ఉన్న పారడైజ్ నుంచి ఇంకా పైనున్న పనోరమా పాయింట్ దాకా స్నోషూలతో (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి పలకలతో) నడవాలని సంకల్పించాం. 1971-72లో 1,122 అంగుళాల మంచు కురిసిన చోటు పారడైజ్. ఏప్రిల్‌లోనూ నేల కనబడదు.

అక్కడి హోటల్ పారడైజ్ ఇన్ అప్పటికింకా తెరవరు కనుక, దిగువన లాంగ్‌మైర్‌లో ఏడాది పొడవునా నడిచే నేషనల్ పార్క్ ఇన్‌లో దిగాం. గదులు చిన్నవి, టీవీ లేదు, వెచ్చదనానికి లోటు లేదు. పార్కు బయటి ఊరు ఆష్‌ఫర్డ్‌లో వంటగది ఉన్న క్యాబిన్లు దొరుకుతాయి గాని, తెల్లవారుజామున మరికొంత దూరం కారు నడపాలి. మే 1 దాకా ప్రతి వాహనంలోనూ టైరు గొలుసులు ఉండి తీరాలి.

బస దగ్గరైనా అసలు చిక్కు తీరలేదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు పైపొర గడ్డకట్టి గట్టిపడుతుంది. పొద్దెక్కేకొద్దీ కరిగిన నీరు లోపలికి దిగి రేణువుల మధ్య పట్టు సడలుతుంది, 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ తడిమంచు తన బరువుకే జారిపోతుంది. తూర్పు వాలులకు ఎండ ముందే తగులుతుంది. మన ఊళ్లలో ఎండ ముదరకముందే పొలం పని ముగించుకున్నట్టు ఇక్కడా చీకటితో బయలుదేరాలి; అయితే పారడైజ్‌కు వెళ్లే రోడ్డు మీద లాంగ్‌మైర్ దగ్గర రాత్రి మూసిన గేటును ఉదయం రోడ్డు మీది మంచు తీశాకే తెరుస్తారు. మేము నడక మొదలుపెట్టేసరికి పది దాటింది.

మంచు చరియలు జారే ప్రమాదాన్ని ముందుగా చెప్పే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సూచన ముందురోజు రాత్రీ ఉదయమూ చదివాం. ప్రమాదం ఐదు స్థాయుల్లో కింది నుంచి రెండోదని, మధ్యాహ్నానికి తడిమంచు ప్రమాదం పెరగవచ్చని అందులో ఉంది. సియాటిల్‌లో ఒక దుకాణం అద్దెకిచ్చిన బీకన్లలో (ఒంటికి కట్టుకునే, సంకేతాలు పంపే పరికరాల్లో) ఒకదాని బ్యాటరీ సగానికి పైగా అయిపోయి ఉంది. గదిలోనే పరీక్షించుకోవడం మేలైంది. బీకన్ కూరుకుపోయిన మనిషి ఉన్న చోటు చూపుతుందే తప్ప బయటికి తీయదు; మంచులో గుచ్చి వెదికే సన్నని ప్రోబు కడ్డీ, పార తలా ఒకటి ఉండాలి, ఎందుకంటే పావుగంట దాటితే బతికే అవకాశం వేగంగా తగ్గుతుంది.

పారడైజ్ పైనున్న ఆల్టా విస్టా గుట్ట దాటాక బూటు చీలమండ దాకా దిగబడసాగింది, పైనుంచి మంచు ఉండలు దొర్లుకుంటూ వచ్చాయి; రెండూ మంచు సడలుతోందనడానికి గుర్తులే. పనోరమా పాయింట్ కింది నిటారు వాలు కళ్ల ముందే ఉంది, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు, వెనుదిరగడానికి మనసొప్పలేదు. అయినా పదకొండున్నరకు వెనుదిరిగాం.

మళ్లీ వెళితే అనుమతి పత్రం తీసుకుని పారడైజ్‌లోనే మంచు మీద గుడారం వేసుకుంటాం. అప్పుడు గేటు కోసం కాచుకోనక్కరలేదు.