స్పోర్ట్స్ ఫొటోగ్రాఫర్‌కి ఏజెన్సీ ఉద్యోగమా, ఫ్రీలాన్సా?

పత్రికలకు ఫొటోలు అందించే ఏజెన్సీలో నెల జీతం గ్యారంటీ. చాలాచోట్ల కెమెరాలూ వాళ్లే ఇస్తారు. దూరం నుంచి ఆటను తీసే పెద్ద 400 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ సొంతంగా కొనాలంటే చిన్న కారు కొన్నంత ఖర్చు మరి. ఇచ్చినా, దాదాపు 3 కిలోలు మోసేది మన భుజమే! అసలు టెన్షన్ వేగంతోనే. గోల్ పడిన రెండు మూడు నిమిషాల్లో ఫొటో వెళ్లి ఎడిటర్ ముందుండాలి. కెమెరా నుంచే జేపెగ్‌లు (ఫొటో ఫైళ్లు) పంపేస్తూ, ఒక కన్ను బంతి మీదే ఉంచాలి. కాపీరైట్ సాధారణంగా ఏజెన్సీదే.

ఫ్రీలాన్సర్‌కి ఆ పరుగు కొంత తక్కువ. అందరి లెన్సులూ గోల్ కొట్టినవాడి వైపు తిరిగినప్పుడు, తలొంచుకుని గ్లవ్స్ విప్పుతున్న గోల్‌కీపర్‌ని తీయొచ్చు. నా ఓటు దీనికే. కాకపోతే అక్రిడిటేషన్‌ (మ్యాచ్‌లో ఫొటోలు తీసే అనుమతి) కోసం తిరగాలి, బిల్లుల డబ్బు నెలల తరబడి రాదు, లెన్స్ పాడైతే రిపేరు మన జేబులోంచే.

కూర్చునే చోటు మాత్రం ఇద్దరికీ అదృష్టాన్ని బట్టే. 1965 బాక్సింగ్ పోటీలో కిందపడ్డ సోనీ లిస్టన్ మీద మహమ్మద్ అలీ గర్జిస్తున్న ఫొటో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక కోసం తీసిన నీల్ లైఫర్‌ది. అదే పత్రిక ఫొటోగ్రాఫర్ హెర్బ్ షార్ఫ్‌మన్ రింగుకు అవతలివైపు, ఆ ఫొటోలోనే అలీ కాళ్ల మధ్యలోంచి కనిపిస్తాడు. ఆయనకు దొరికింది అలీ వీపు.