గడువు తీరిన మా డాట్ కామ్ పేరు వెనక్కి తెచ్చుకోవడానికి వాడి చూసిన సర్వీసులు, అయిన ఖర్చు

మాది కడియం దగ్గర నర్సరీ. నాన్నగారు మొక్కలు చూసుకుంటారు, బయటి ఊళ్ల ఆర్డర్లు, లారీ లోడ్ల లెక్క నేను చూస్తాను. మార్చి మొదట్లో బెంగళూరు కస్టమర్ ఒకరు ఫోన్ చేసి, "మీ సైట్ తెరిస్తే ఏవో ప్రకటనలు వస్తున్నాయమ్మా" అన్నారు. చూస్తే నిజమే. డాట్ కామ్ పేరు గడువు ఫిబ్రవరి రెండో వారంలోనే తీరిపోయింది. ఆరేళ్ల కిందట సైట్ చేసిపెట్టిన అబ్బాయి పేరును తన మెయిల్ ఐడీతోనే రిజిస్టర్ చేశాడు. గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరిన ఐదు రోజుల్లోపు ఇంకోసారి రిజిస్ట్రార్ (సైట్ పేర్లు అమ్మి, రిజిస్టర్ చేసే కంపెనీ) గుర్తు చేయాలని ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధన ఉంది. ఆ మెయిళ్లన్నీ అతనికే వెళ్లి ఉంటాయి. ఇప్పుడు అతని ఫోన్ పనిచేయడం లేదు. రిజిస్ట్రార్‌ని అడిగితే రికార్డులో ఉన్న ఓనర్ తప్ప ఎవరూ రెన్యూ చేయలేరన్నారు.

అంతకు నెల ముందే 2,000 విజిటింగ్ కార్డులు కొట్టించాం, అన్నింటి మీదా ఆ పేరే. తొలకరి పడితే ఆర్డర్లు మొదలవుతాయి. "ఎనిమిది వేలు దాటొద్దమ్మా, దాటితే వేరే పేరు పెట్టుకుందాం" అన్నారు నాన్నగారు.

మొదట అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. గడువు తీరిన రోజే పేరు బజార్లోకి రాదు. డాట్ కామ్ అయితే ముందు 45 రోజుల వరకు రిజిస్ట్రార్ చేతిలో ఉండొచ్చు. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అప్పుడు పాత ఓనర్ గట్టి ఫీజు కట్టి వెనక్కి తీసుకోవచ్చు. చివర ఐదు రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. అది అయ్యాకే డ్రాప్, అంటే పేరు రాలి, ఎవరైనా కొనుక్కునేలా ఖాళీ అవడం. అంటే దాదాపు 80 రోజుల టెన్షన్. మనం ఏ దశలో ఉన్నామో ఐకాన్ లుకప్ పేజీలో పేరు కొడితే స్టేటస్‌లో కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. నేను రోజూ పొద్దున్నే టీ తాగుతూ చూసేదాన్ని.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా రిజిస్ట్రార్లు పేరును డ్రాప్ దాకా పోనివ్వవు, ముందే వేలంలో పెడతాయి. గోడాడీలో అయితే గడువు తీరిన పాతిక రోజులకు అటూ ఇటూగా వేలం మొదలవుతుంది. మా పేరు వేరే చోట ఉంది, అక్కడా వేలానికి పెట్టారు. నేను కనుక్కునేసరికి అది ముగిసింది, ఎవరూ పాడలేదు. కనీస పాట మా బడ్జెట్‌కు లోబడే ఉంది. ముందే తెలిసి ఉంటే అక్కడే కొనేదాన్ని. మీ పేరు పోయిందని తెలిసిన రోజే, మీ రిజిస్ట్రార్ ఏ వేలం సైటుకు పంపుతుందో కనుక్కోండి.

అన్నిటికన్నా చవక దారి, డ్రాప్ సమయానికి మనమే కూర్చుని మామూలు ధరకు కొనడం. ముందు దీన్ని వేరే పేరు మీద పరీక్షించాను. ఎక్స్‌పైర్డ్ డొమైన్స్ డాట్ నెట్‌లో ఉచితంగా జాబితాలు దొరుకుతాయి, అందులో తోటపనికి సంబంధించిన రెండు ఇంగ్లీషు పదాల పేరు ఎంచుకున్నాను. డాట్ కామ్ పేర్లు మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి చుట్టుపక్కల రాలతాయి. రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను. పేరు ఖాళీ అయినట్టు నాకు ఒక్కసారి కూడా కనబడలేదు, నేరుగా కొత్త ఓనర్ దగ్గరే తేలింది. కారణం తర్వాత తెలిసింది. డాట్ కామ్ పేర్ల మూల జాబితా నడిపే వెరిసైన్ సంస్థ ఒక్కో రిజిస్ట్రార్‌కు ఇన్ని కనెక్షన్లే అని పరిమితి పెడుతుంది. అందుకే రాలిన పేర్లను పట్టి ఇచ్చే డ్రాప్‌క్యాచ్ లాంటి సంస్థలు వందల కొద్దీ రిజిస్ట్రార్ లైసెన్సులు తీసుకుని, అన్నిటి నుంచీ ఒకేసారి కొడతాయి. వాటి ముందు మన బ్రౌజర్ నిలవదు. మంచి పేరైతే ఈ దారి మీద ఆశ పెట్టుకోకండి.

తర్వాత బ్యాకార్డర్, అంటే పేరు రాలగానే మన కోసం పట్టమని ముందే ఒక సంస్థకు చెప్పి పెట్టుకోవడం. తొందరలో మొదట ఒక రిజిస్ట్రార్ దగ్గర పెట్టాను, పేరు చెప్పను. 1,700 దాకా ముందే తీసుకున్నారు. పేరు దొరక్కపోయినా డబ్బు తిరిగి రాదు, ఇంకో పేరు మీద వాడుకోవాలట. ఈ మాట కట్టిన తర్వాత వచ్చిన మెయిల్లో ఉంది. చిన్న వ్యాపారికి అది చిన్న మొత్తం కాదు, ముందే పెద్ద అక్షరాల్లో చెప్పాల్సింది.

డ్రాప్‌క్యాచ్‌లో పద్ధతి వేరు. పేరు పట్టుకుంటేనే డబ్బు. నేను పెట్టినప్పుడు ధర 59 డాలర్లు. అదే పేరుకు ఇంకెవరైనా బ్యాకార్డర్ పెట్టి ఉంటే మూడు రోజుల వేలం జరుగుతుంది. నా భయమంతా దాని గురించే. ఏప్రిల్ చివర్లో మా పేరు రాలింది, తెల్లవారి లేచేసరికి దొరికిందని మెయిల్ ఉంది. ఇంకెవరూ అడగలేదు. గోదావరి జిల్లా నర్సరీ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో పొడుగ్గా రాసిన తెలుగు మాటలు, వేరేవాళ్లకు దానితో పనేముంది? తక్కువ బడ్జెట్ వాళ్లకు నిజంగా అందేవి ఇలాంటి పేర్లే. చిన్న ఇంగ్లీషు మాటల వెంట పడితే వేలంలో మన ఎనిమిది వేలు మొదటి గంటలోనే దాటిపోతాయి.

కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసుకోండి. బ్యాంకు మార్కప్‌తో కలిపి నాకు 5,200 పైచిలుకు పడింది. వేచి చూస్తున్నప్పుడే ముందుజాగ్రత్తగా అదే పేరుకు డాట్ ఇన్ కూడా ఏడు వందలకు కొన్నాను. అంతా కలిపి నాన్నగారు చెప్పిన అంకెకు లోపలే. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర చూడండి, రెంటికీ చాలా తేడా ఉంటుంది.

డ్రాప్‌క్యాచ్ పట్టుకున్న పేరు దాని సోదర రిజిస్ట్రార్ నేమ్‌బ్రైట్‌లో మన ఖాతాలోకి వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ కాబట్టి 60 రోజుల దాకా వేరే రిజిస్ట్రార్‌కు మార్చుకోవడం కుదరకపోవచ్చు. నాకు దానితో ఇబ్బంది రాలేదు, సైట్‌ను మా పాత హోస్టింగ్‌కు కలపడం అదే రోజు అయిపోయింది. డ్రాప్‌క్యాచ్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ సగం తగ్గించింది ధర వల్లే, మన రూపాయల్లో అది బరువే.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పేరు వేరేవాళ్ల చేతికి వెళితే ఆ పేరు మీది మెయిళ్లు కూడా వాళ్లకే వెళ్తాయి. మా ట్రాన్స్‌పోర్ట్ బుకింగ్ ఖాతాకు పాస్‌వర్డ్ మార్చే లింకు ఆ మెయిల్‌కే వచ్చేది. గడువు తీరిందని తెలియగానే అలాంటివన్నీ జీమెయిల్‌కు మార్చాను. ఆ పని రేపటికి వాయిదా వేయకండి.

అలాగే జాబితాల్లో చవగ్గా కనిపించిందని ఏ పేరు పడితే అది కొనకండి. మొక్కల పేరున్న ఇంకొకటి నచ్చి, సైట్ల పాత పేజీలు దాచి చూపించే వేబ్యాక్ మెషీన్‌లో చూస్తే, మధ్యలో రెండేళ్లు దాని మీద జూదం పేజీలు నడిచాయి. వదిలేశాను. ఇంకొకరి బ్రాండ్ పేరైతే అసలు ముట్టుకోవద్దు, ఫిర్యాదు చేస్తే పేరూ పోతుంది, డబ్బూ పోతుంది.

ఇప్పుడు పేరు నా పేరు మీద, నా మెయిల్ మీద ఉంది. ఆటో రెన్యువల్ పెట్టాను, గడువు తేదీని ఆఫీసు గోడ క్యాలెండర్ మీద నాన్నగారు కూడా రాసుకున్నారు. కొత్త కార్డులు కొట్టించే అవసరం రాలేదు. జూన్‌లో మొదటి లోడ్‌తో మూలనున్న పాత కట్ట విప్పి పంచాం.