హిండర్ అంటే ఆపేయడం కాదు: ఓ నిఘంటువు యాప్ గురించి

తెనాలిలో పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. ఏడాదికి 399 రూపాయలు కట్టి ఈ ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు యాప్ వాడుతున్నాను. ఉచ్చారణ చక్కగా ఉంది. స్పీకర్ గుర్తు నొక్కితే ‘హిండర్’ అని స్పష్టంగా పలుకుతుంది. మా పిల్లలు ‘హైండర్’ అనడం మానేశారు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

బాధంతా అర్థాల దగ్గరే. హిండర్, ఇంపీడ్, అబ్‌స్ట్రక్ట్, ప్రివెంట్ నాలుగింటికీ ‘అడ్డగించు, నిరోధించు’ అనే ఇచ్చారు. వాన పనిని హిండర్ చేస్తే పని నత్తనడక నడుస్తుంది. ప్రివెంట్ చేస్తే అసలు జరగనే జరగదు. ఇక ఇంపీడ్‌కు మూలమైన లాటిన్ మాటలో పాదం ఉంది, కాళ్లకు సంకెల వేయడమని అర్థం. మన ‘ముందరికాళ్లకు బంధం వేయడం’ అచ్చంగా అదే కదా! మా ఊళ్లో గాడిద ముందరికాళ్లకు తాడు కట్టి మేతకు వదిలేవారు. అది గెంతుతూ కదిలేది, దూరం మాత్రం పోలేకపోయేది. ఈ ఒక్కటి చెబితే చివరి బెంచీ పిల్లాడు కూడా మర్చిపోడు.

వాడుక ఉదాహరణలు మరీ తక్కువ. మొన్న ఒక అమ్మాయి నోట్సులో ‘ది రెయిన్ హిండర్డ్ మీ టు గో’ అని రాసింది. ‘ఫ్రమ్ గోయింగ్’ అని దిద్దాను. “యాప్‌లో ఇది లేదు టీచర్” అంది. చూస్తే నిజంగానే లేదు.

కంపెనీకి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. ఉచ్చారణ కోసమైతే కొనండి. నేనిచ్చేది ఐదుకు మూడు స్టార్లు.