ఎక్స్‌రే గదిలో పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి: సేవ ఎలా ఉంది, వాడకం ఎలా ఉంది

ఫోన్ల మీద, మిక్సీల మీద పేజీలకు పేజీలు సమీక్షలు వస్తాయి. ఎక్స్‌రే, సీటీ గదుల్లో, గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్‌లలో పనిచేసేవారు రోజూ ఛాతీకి తగిలించుకునే ఆ చిన్న ప్లాస్టిక్ బ్యాడ్జి గురించి తెలుగులో ఎవరైనా రాయగా నేను చూడలేదు. వాళ్ల ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే లెక్క అదొక్కటే. ప్రజారోగ్య రంగంలో రేడియేషన్ రక్షణ చూసే సీనియర్ శాస్త్రవేత్తగా నా పనిలో పెద్ద భాగం ఆసుపత్రులకు వెళ్లడం, ఈ బ్యాడ్జిల రిపోర్టులు చదవడం, వాటిని పెట్టుకునే టెక్నీషియన్లతో మాట్లాడటం. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ బ్యాడ్జిలు పంపి, చదివి రిపోర్టు ఇచ్చే సేవ గట్టిది, ఖర్చు తక్కువ. దాన్ని మన ఆసుపత్రులు వాడుకుంటున్న తీరే నాకు బాధగా ఉంది.

టీఎల్‌డీ అంటే థర్మోల్యూమినిసెంట్ డోసిమీటర్. హోల్డర్ తెరిచి, పైనున్న కాగితపు పొర తీసి చూస్తే లోపల సన్నటి అల్యూమినియం కార్డు, దాని మీద వరుసగా మూడు తెల్లటి బిళ్లలు కనిపిస్తాయి. డిస్ప్రోసియం చేర్చిన కాల్షియం సల్ఫేట్‌ను టెఫ్లాన్‌తో కలిపి ఆ బిళ్లలు చేస్తారు. రేడియేషన్ తగిలినప్పుడు ఆ శక్తిలో కొంత స్ఫటికంలో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. మూడు నెలల తరవాత ల్యాబ్‌లో వేడి నైట్రోజన్ వాయువుతో బిళ్లను కాస్తే చిక్కుకున్న శక్తి వెలుగుగా బయటపడుతుంది. ఆ వెలుగును కొలిచి డోసు, అంటే తగిలిన రేడియేషన్ మోతాదు, లెక్కకడతారు. అంతకుముందు ఫిల్మ్ బ్యాడ్జిలు ఉండేవి. మన ఎండలకు, ఉక్కపోతకు ఫిల్మ్ మసకబారిపోయేది. భాభా అణు పరిశోధన కేంద్రం 1970లలో ఈ బిళ్లల పద్ధతిని తెచ్చాక ఆ బెడద తీరింది. మూడు నెలలు జేబులో ఉన్నా ఇందులో దాగిన లెక్క పెద్దగా తరగదు.

బిళ్లలు మూడెందుకని చాలామంది అడుగుతారు. హోల్డర్‌లో ఒక బిళ్ల మీద రాగి, అల్యూమినియం రేకులు ఉంటాయి, రెండో దాని మీద ప్లాస్టిక్ ఉంటుంది, మూడోది కప్పు లేని కిటికీ కిందికి వస్తుంది. ఈ పదార్థానికి ఒక గుణం ఉంది. తక్కువ శక్తి గల ఎక్స్‌రే తగిలితే ఉన్నదానికి చాలా రెట్లు ఎక్కువ చూపిస్తుంది. లోహపు రేకు ఆ అతిని దించుతుంది. మూడు బిళ్లల రీడింగులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తగిలింది బీటానా, ఎక్స్‌రేనా, గామానా, దాని శక్తి ఎంత ఉండవచ్చు అన్నది తేలుతుంది. అందుకే కార్డును హోల్డర్ నుంచి తీసి ఊరికే చొక్కా జేబులో వేసుకుని తిరిగేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రేకులు లేని కార్డు ఇచ్చే అంకెను నమ్మడానికి లేదు.

ఇక సేవ విషయం. అణుశక్తి నియంత్రణ మండలి ఈలోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఆసుపత్రి తన యంత్రాలను, సిబ్బందిని నమోదు చేసుకోవాలి. భాభా కేంద్రం గుర్తింపు పొందిన ల్యాబ్‌లు ఆసుపత్రికి ఒక సంస్థ నంబరు, ప్రతి మనిషికీ సొంత నంబరు ఇస్తాయి. మూడు నెలలకొకసారి కొరియర్‌లో కొత్త కార్డులు వస్తాయి, పాతవి తిరిగి పంపాలి, తరవాత రిపోర్టు వస్తుంది. ఒక్కో మనిషికి మూడు నెలలకు అయ్యే ఖర్చు వందల్లోనే ఉంటుంది. కోట్లు పోసి సీటీ యంత్రం కొన్న యజమాని ఈ వందల దగ్గర లెక్క చూసుకోవడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు. అయిదుగురు పనిచేసే చోట ఇద్దరికే బ్యాడ్జిలు తెప్పించి, ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్లు పెట్టుకునే ఏర్పాటు చేస్తారు. అలా వచ్చిన రిపోర్టు ఏ మనిషిదీ కాదు. ఇద్దరి లెక్కలో ముగ్గురి డోసు కలిసిపోతుంది, ఆ ముగ్గురికి అసలు లెక్కే ఉండదు.

పార్సిల్‌లో వచ్చే వాటిలో ఎవరూ పట్టించుకోనిది కంట్రోల్ కార్డు. అది ఎవరూ పెట్టుకోవడానికి కాదు. నేల నుంచి, గోడల నుంచి, ఆకాశం నుంచి అందరికీ తగిలే సహజ రేడియేషన్ ఎంతో అది కొలుస్తుంది. ఆ మొత్తాన్ని మిగతా కార్డుల నుంచి తీసేస్తే పనివల్ల తగిలింది మిగులుతుంది. కాబట్టి కంట్రోల్ కార్డు రేడియేషన్ లేని గదిలో, డ్యూటీ అయ్యాక మిగతా బ్యాడ్జిలు కూడా పెట్టే చోటనే ఉండాలి. ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు ఆసుపత్రిలో వరుసగా వచ్చిన రిపోర్టుల్లో సిబ్బంది అందరికీ సున్నా. యాజమాన్యం సంతోషంగా ఉంది. రోజుకు అన్ని ఫిల్ములు తీసే చోట, ఆపరేషన్ జరుగుతుండగానే ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్ యంత్రం కూడా నడిచే చోట ఏడాది పొడవునా అందరికీ సున్నా రావడం నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. కంట్రోల్ కార్డు ఎక్కడ ఉంచుతున్నారని అడిగాను. టెక్నీషియన్ ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్లి, ఛాతీ ఎక్స్‌రే స్టాండు పక్కనున్న గోడ మేకు చూపించాడు. "ఇక్కడైతే పోదు మేడమ్, అందరికీ కనబడుతుంది" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు, అతనికి ఆ కార్డు ఎందుకో చెప్పినవారే లేరు. గోడ మీది కార్డుకు తగిలిన డోసంతా అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరి లెక్కలోంచీ తీసివేతకు పోయింది.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో జరిగేది ఇంకొకటి. పని అయ్యాక, కిరణాలను అడ్డుకునే సీసపు తొడుగును (లెడ్ ఏప్రాన్‌ను) బ్యాడ్జితో సహా గదిలోని స్టాండుకు తగిలించి ఇంటికి వెళ్లిపోతారు. మరో షిఫ్టులో తీసే ప్రతి ఎక్స్‌రే చెదురు కిరణాలూ ఆ బ్యాడ్జికి తగులుతాయి. మూడు నెలల తరవాత ఆ మనిషి పేరున పెద్ద అంకె వస్తుంది, విచారణ మొదలవుతుంది. విచారణలో చాలాసార్లు తేలేది, డోసు బ్యాడ్జికే తగిలింది గానీ మనిషికి కాదని. మరీ ఎక్కువ అంకె వస్తే రక్తం తీసి క్రోమోజోముల్లో మార్పులు చూసే పరీక్ష కూడా ఉంది. అది తేలేలోపు ఆ ఇంట్లో అందరూ ఎంత కుమిలిపోతారో నేను దగ్గర నుంచి చూశాను.

అంకెలు ఎలా చదవాలో చెబుతాను, ఎందుకంటే రిపోర్టులో ఎవరూ వివరించరు. లెక్క డోసును కొలిచే మిల్లీసీవర్ట్‌లలో ఉంటుంది. మన దేశంలో రేడియేషన్ పనివారికి పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సామాన్య ప్రజలకు ఏడాదికి 1. ఇవి పనివల్లా, యంత్రాలవల్లా అదనంగా తగిలేదానికి పెట్టిన పరిమితులు. ఏ పనీ చేయకపోయినా ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి తగిలేది ప్రపంచ సగటున 2.4. మామూలు ఎక్స్‌రే గదిలో గోడ వెనక నిలబడి, పద్ధతిగా పనిచేసే టెక్నీషియన్‌కు ఏడాది మొత్తంలో వచ్చేది సాధారణంగా 1 కూడా ఉండదు.

ఈ మాట నేను ఒక తల్లికి కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె కూతురు రేడియాలజీ విభాగంలో టెక్నీషియన్. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు ఆ ఉద్యోగం చేసేవారికి పిల్లలు పుట్టరట కదా అని ముఖం మీదే అనేసి వెళ్లిపోయారు. ఉద్యోగం మానిపించేయమంటారా అని తల్లి నన్ను అడిగింది. ఆ అమ్మాయి చేరినప్పటి నుంచి వచ్చిన రిపోర్టులు తెప్పించి ఆమె ముందు పెట్టాను. "అమ్మా, ఇదిగో ఈ వరుస మీ అమ్మాయిది. ఇవన్నీ కలిపినా మనందరికీ భూమి నుంచి, ఆకాశం నుంచి ఒక్క ఏడాదిలో వచ్చేంత లేదు" అని ఒక్కో గడి చూపిస్తూ చెప్పాను. ఆమె వేలితో ఆ గడులు తడుముతూ ప్రతి అంకెకూ మళ్లీ అడిగింది. అమ్మాయి నిక్కచ్చిగా రోజూ బ్యాడ్జి పెట్టుకుంది కాబట్టే నేను అంత ధైర్యంగా చెప్పగలిగాను. పెట్టుకోని మనిషికి అదే భరోసా ఇవ్వాలంటే నా దగ్గర ఆధారం ఏముంటుంది? గర్భం దాల్చిన ఉద్యోగినులకు నియమం ఇంకా కఠినం. విషయం తెలియజేసిన నాటి నుంచి కాన్పు వరకు కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకూడదు. ఆ లెక్కకు కూడా ఆధారం ఈ బ్యాడ్జే.

బ్యాడ్జి చెప్పలేనివి కూడా ఉన్నాయి. లెడ్ ఏప్రాన్ వేసుకున్నప్పుడు బ్యాడ్జిని ఏప్రాన్ కింద ఛాతీ దగ్గర పెట్టుకోవాలి, ఎందుకంటే శరీరానికి తగిలినది తెలియాలి. దానివల్ల కళ్లకు, చేతులకు ఎంత తగిలిందో తెలియదు. క్యాథ్ ల్యాబ్‌లో గుండె రక్తనాళాలకు స్టెంట్లు వేసే డాక్టర్లకు, పక్కన నిలబడే నర్సులకు ఇది చిన్న విషయం కాదు. రోగి శరీరం నుంచి చెదిరే కిరణాలు నేరుగా ముఖం వైపు వస్తాయి. కంటి కటకానికి పాత పరిమితి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లు. అంతకన్నా తక్కువ డోసుకే శుక్లాలు వస్తున్నాయని చూసి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో దాన్ని 20కి తగ్గించమని సిఫారసు చేసింది. అలాంటి చోట్ల ఏప్రాన్ పైన కాలర్ దగ్గర రెండో బ్యాడ్జి, సీసపు కళ్లద్దాలు తప్పక ఉండాలంటాను. ఎముకల డాక్టర్లు ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ వాడుతూ ఒక్క బ్యాడ్జీ లేకుండా ఉండటం మరీ అన్యాయం. రేడియాలజీ విభాగం కాదు కాబట్టి తమకు వర్తించదనుకుంటారు.

ఇంకో లోటు ఆలస్యం. బ్యాడ్జి మోగదు, వెలగదు. జనవరిలో జరిగిన పొరపాటు ఏప్రిల్ దాటాక గానీ కాగితం మీదికి రాదు. మేము వాడిన ఒక ల్యాబ్ నుంచైతే తరవాతి మూడు నెలలు కూడా అయిపోవచ్చాక రిపోర్టు వచ్చింది. అప్పుడు ఆ అంకె చూసి దిద్దుకోవడానికి ఏం మిగులుతుంది? క్యాథ్ ల్యాబ్ ఉన్నచోట అప్పటికప్పుడు అంకె చూపే పాకెట్ డోసిమీటర్ ఒకటైనా ఉంచుకోవాలి.

ఆలస్యం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది, వచ్చిన రిపోర్టు యజమాని బీరువాలో ఉండిపోవడం. ఇంగ్లీషులో, సంకేతాలతో ఉన్న ఆ కాగితం తనిఖీకి చూపించడానికే అన్నట్టు ఫైల్లో కూర్చుంటుంది. ఏళ్లుగా పనిచేస్తున్నా తన డోసు ఒక్కసారీ చూడని టెక్నీషియన్లు నాకు ఎంతోమంది తెలుసు. చూడని లెక్క కోసం బ్యాడ్జి ఎందుకు పెట్టుకోవాలని వాళ్లకు అనిపించడం సహజం. నేను వస్తున్నానని తెలిసి అప్పటికప్పుడు తగిలించుకున్న బ్యాడ్జి ఇట్టే తెలిసిపోతుంది, దాని పైనున్న ప్లాస్టిక్ కవరు మీద చిన్న గీత కూడా ఉండదు. ల్యాబ్‌లు ప్రతి మనిషికీ అతని డోసు, పరిమితి రెండూ తెలుగులో రాసిన చిన్న చీటీ పంపితే సగం సమస్య తీరుతుందని నా గట్టి నమ్మకం. మొత్తంగా ఈ సేవకు అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ రిపోర్టు రావడంలో ఆలస్యానికి, దాని భాషకు.

కొత్తగా సెంటర్ పెట్టేవారు ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. గుర్తింపు ఇప్పటికీ అమల్లో ఉందా, కార్డులు తిరిగి అందాక ఎన్ని రోజుల్లో రిపోర్టు ఇస్తారు, ఎక్కువ డోసు కనిపిస్తే కాగితం కోసం ఆగకుండా ఫోను చేసి చెబుతారా అన్నవి అడగండి. పాత కార్డులు గడువుకు తిరిగి పంపే బాధ్యత ఒక్కరి పేరున రాసి పెట్టండి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉన్నచోట అది ఆయన పని.

టెక్నీషియన్లకు ఒక మాట. ఆసుపత్రి మారినా మీ నంబరు మారకూడదు. భాభా కేంద్రంలో దేశమంతటి రేడియేషన్ పనివారి డోసులు నమోదయ్యే రిజిస్ట్రీ ఉంది. ఆ నంబరు మీదే మీ ఉద్యోగ జీవితమంతటి లెక్క అక్కడ పోగవుతుంది. కొత్త చోట తొందరలో ఇంకో నంబరు పుట్టిస్తే మీ అయిదేళ్ల మొత్తం రెండు ముక్కలైపోతుంది. ఉద్యోగం మానేటప్పుడు రిలీవింగ్ లెటర్‌తో పాటు మీ డోసు రికార్డు కాపీ అడిగి తీసుకోండి. చేరిన మొదటి రోజునే పాత నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, కొత్త బ్యాడ్జి మీద అదే నంబరు ఉందో లేదో చూసుకోండి.