7.3 పవర్‌స్ట్రోక్‌కు మోటార్‌క్రాఫ్ట్ గ్లో ప్లగ్‌లు: సరుకు మంచిదే, తప్పు మాత్రం ప్రతిసారీ ప్లగ్‌దే కాదు

చలి పొద్దున ఇంజను ఎంతసేపు తిప్పినా అంటుకోక, అంటుకున్నాక తెల్లపొగ కక్కుతూ కుంటుతుంటే చాలామంది నేరుగా వెళ్లి గ్లో ప్లగ్‌లు, అంటే చల్లటి సిలిండర్లను వేడిచేసి ఇంజను అంటుకునేలా చేసే ప్లగ్‌లు, కొనేస్తారు. ఫోర్డ్ ట్రక్కుల్లో వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ వీ8 విషయంలో అది తొందరపాటే. 8 ప్లగ్‌లూ ఇంజను పైనుండే మూతలు, అంటే వాల్వ్ కవర్ల కింద ఉంటాయి. వాటిని విప్పకముందే చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది ఇంజను మీదుండే రిలే, అంటే ప్లగ్‌లకు కరెంటు పంపే స్విచ్చి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్‌లో పెడితే రిలే రెండు లావు బోల్టుల దగ్గరా దాదాపు ఒకే ఓల్టేజీ రావాలి. ఒకవైపు 12, రెండోవైపు 9 చూపిస్తే లోపల కాంటాక్టులు కాలినట్టే. దాన్ని మార్చకుండా ఎంత మంచి ప్లగ్ వేసినా దండగ. డాష్‌బోర్డు మీది గ్లో ప్లగ్ దీపాన్ని మాత్రం నమ్మొద్దు, అది ఆరిపోయాక కూడా ప్లగ్‌లకు కరెంటు వెళ్తూనే ఉంటుంది.

రెండోది వైరింగు. 1999 తర్వాతి ట్రక్కుల్లో ఒక్కో వాల్వ్ కవర్‌కు 9 పిన్నుల కనెక్టరు ఒకటి ఉంటుంది. అటు చివర రెండు, ఇటు చివర రెండు పిన్నులు ప్లగ్‌లవి. తాళం తీసేసి, కనెక్టరు ఊడదీసి, ఇంజను వైపున్న ఆ నాలుగింటికీ ఇంజను లోహానికీ మధ్య ఓములు కొలవండి. మీటరు తీగలు రెండూ తాకించినప్పుడు వచ్చే అంకెను తీసేశాక ఒక ఓము అటూ ఇటూగా ఉంటే ప్లగ్ బాగున్నట్టు. రెండు దాటితే అనుమానించాలి. అసలు అంకే రాకపోతే ప్లగ్ అయినా పోయుండాలి, కవర్ కింద ప్లగ్‌కు తీగను కలిపే క్లిప్పు అయినా ఊడుండాలి. మధ్య పిన్నులు ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లవి. ఇంజను నడుస్తుంటే వాటిలో వంద ఓల్టులకు పైనే ఉంటుంది, చెయ్యి పెట్టే చోటు కాదు.

ఇక ప్లగ్. ఫోర్డ్ సొంత విడిభాగాల బ్రాండు మోటార్‌క్రాఫ్ట్ వారి జెడ్‌డీ-11 ఈ ఇంజనుకు సరిగ్గా కూర్చుంటుంది. దీన్నే ఎంచుకోమనడానికి కారణం వేడెక్కే వేగం కాదు, మొన. నాసిరకం ప్లగ్‌ల మొన వాడగా వాడగా ఉబ్బుతుంది. మర అంతా ఊడొచ్చినా మొన రంధ్రంలో ఇరుక్కుంటుంది. బలవంతంగా లాగితే విరిగి సిలిండర్‌లో పడుతుంది, ఆపైన సిలిండర్ హెడ్ విప్పక తప్పదు. ఎనిమిది చౌక ప్లగ్‌ల మీద మిగిలే డబ్బు ఆ పనికి ఏ మూలకూ రాదు.

విప్పడానికి 10 మిల్లీమీటర్ల డీప్ సాకెట్ కావాలి. బిగిసిన ప్లగ్‌ను ఒక్క ఊపున తిప్పొద్దు. కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, అలా మెల్లగా మసిని వదిలించాలి. సాకెట్ వదులైతే ప్లగ్ తలకు రబ్బరు గొట్టం తొడిగి తిప్పితే జారకుండా వస్తుంది. నూనె దిగే రంధ్రాలను ముందే గుడ్డలతో మూసేయండి, లేకపోతే కిందపడ్డ క్లిప్పు నేరుగా ఆయిల్ ప్యాన్‌లో తేలుతుంది. ప్రయాణికుడి వైపు చివరిది, అంటే ఏడో నంబరు, హీటరు పెట్టె అడ్డంతో ఓపికను పరీక్షిస్తుంది.

కొత్తది చేత్తోనే చివరిదాకా తిరగాలి. తిరగకపోతే అడ్డంగా పట్టిందని అర్థం, వెనక్కి తీయండి. తర్వాత టార్క్ రెంచితో 19 న్యూటన్ మీటర్లు, అంతే.

లోపలి వైరింగు క్లిప్పులు పెళుసుగా ఉన్నా, నల్లగా మాడినా వాటినీ మార్చండి. ఊడిన క్లిప్పు కోసం కవర్ రెండోసారి విప్పడమంత విసుగు ఇంకోటి లేదు. కవర్ కింది గ్యాస్కెట్ చెదరకుండా ఉంటే అదే పెట్టుకోవచ్చు. కవర్లు మూసే ముందు ఆ నాలుగేసి పిన్నుల్లో మళ్లీ ఓములు కొలవండి. ఎనిమిదింటిలో ఒక్కటి తేడాగా ఉన్నా క్లిప్పును నొక్కి చూడటానికి అదే సమయం.